ఎడమకు ఒరిగిన గంప

ఆ రోజుల్లో మా వైపు మనిషికి పేరు రావడం కంటే గంపకు బిళ్ళ రావడం కష్టంగా ఉండేది. ఈ మాట అంటే మా మనవడు పగలబడి నవ్వాడు. "గంపకు బిళ్ళేంది నానమ్మా, అదేమన్న కుక్కనా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడు పుట్టేసరికే ప్లాస్టిక్ టబ్బులు వచ్చేశాయి. వాటికి బిళ్ళా అక్కర్లేదు, బుద్ధీ అక్కర్లేదు, పగిలితే ఇంకొకటి కొనుక్కుంటారు. కానీ నా ఇరవై ఏళ్ళ వయసులో నేను కోరుకున్నది బంగారం కాదు, పట్టుచీర కాదు. వేలెడంత అల్యూమినియం బిళ్ళ. దాని కోసం నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వినవాళ్ళందరి మీదా పళ్ళు నూరుకున్నాను.

మా అత్తగారి ఊరు భద్రాచలం పోయే రోడ్డు మీద, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. వెదురు పని మా ఇంటి పని. చుట్టుపక్కల ఊళ్ళలో గంపలు, చేటలు, చాపలు అల్లేవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో చేరాలంటే చందా కడితే చాలదు. పరీక్ష పెద్దల ముందు కూర్చుని, వాళ్ళ కళ్ళ ఎదుటే గంప అల్లి చూపించాలి. వాళ్ళు దాన్ని పొడిచి, నొక్కి, ఎక్కి తొక్కి, ఇంకా ఇది గంపలాగే ఉందని తేలితే అప్పుడు మెంబరుగా రాసుకునేవారు. ఆ రోజు నుంచి ఆ మనిషి అల్లిన ప్రతి గంప అంచుకూ పేరు కొట్టిన బిళ్ళ ఒకటి తీగతో కట్టుకోవచ్చు. సర్కారు డిపోలో వెదురు కూడా మెంబర్లకే ఇచ్చేవారు. తక్కినవాళ్ళు ఎవరో ఒక మెంబరు వాటాలోంచి అడుక్కుని తెచ్చుకోవలసిందే.

ఆ బిళ్ళ విలువ ఏమిటో తెలియాలంటే ఖమ్మం మిర్చి యార్డుకు వెళ్ళాలి. బిళ్ళ లేని గంప తీసుకుపోతే సేటు దాన్ని మోకాలితో నొక్కేవాడు, తలకిందులు చేసి కొట్టేవాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసేవాడు (గంపకు వాసనేమిటని నన్నడగకండి, బేరంలో అదొక అలవాటు). చివరికి మొహం చిట్లించి, తనేదో దానం చేస్తున్నట్టు కొనేవాడు. అదే బిళ్ళ ఉన్న గంపనైతే ముట్టుకునేవాడే కాదు. బిళ్ళ మీద పేరు చదివి, "ఆ, ఈమెదా, అటు పెట్టుర్రి" అనేవాడు. నేను మొదటిసారి యార్డుకు పోయినప్పుడు ఆ "ఈమెదా" అన్న మాట మా అత్త గురించి విన్నాను. పక్కనే నా గంపల కుప్పను మోకాళ్ళతో నొక్కుతున్నారు. నా గంప మీద కూడా ఎవరో ఒకరు "ఈమెదా" అనాలి, అప్పటిదాకా నిద్రపోకూడదు అని అక్కడే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. (నిద్రపోయాను. కానీ ఒట్టు ఒట్టే.)

అడ్డు వచ్చింది నా చెయ్యి. నాది పుర్రచేతి వాటం. కల్లూరులో మా పుట్టింట్లో నా ఎడమచెయ్యి మీద జరిగినన్ని పంచాయితీలు పొలం గట్టు మీద కూడా జరగలేదు. మా నాయన కుడిచేతికి ఎర్రదారం కట్టి, "గీ చెయ్యే చెయ్యి, రెండోది ఉత్తగ ఉంటది" అని నేర్పాడు. దారం రంగు వెలిసిపోయింది కానీ నాకు ఆ పాఠం అబ్బలేదు. "ఎడం చేత్తోని వడ్డిస్తె నీ మొగుడు తిండి మానేస్తడే" అని మా అమ్మ బెదిరించేది. పెళ్ళయిన కొత్తలో మరిచిపోయి ఎడమచేత్తోనే వడ్డించాను. ఆయన తిండి మానేయలేదు సరికదా, మారు అడిగి వేయించుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, నా విషయంలో అది చేతికి పట్టుకుంది.

వడ్డన సంగతి ఎలాగో సర్దుకుపోయింది కానీ, గంప సంగతి అలా కాదు. మాలో గంప కుడి చుట్టు తిరగాలి. నిలువు బద్దల మధ్య నుంచి అడ్డబద్దను లోపలికీ బయటికీ దూర్చుకుంటూ గుడి చుట్టూ తిరిగినట్టు కుడికి తిరుగుతూ పోవాలి. నేను ఎడమచేత్తో అల్లితే అది ఎడమ చుట్టు తిరిగేది. ఎడమ చుట్టు గంప దినాల పనులకు తప్ప శుభానికి పనికిరాదని మా పెద్దల మాట. అలాంటి గంప నెత్తిన పెట్టుకుని పెళ్ళికి పోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ పోలేదు. నా గంపలు ఊరి సంతలో, అడవి గూడేల వాళ్ళకు అమ్ముడుపోయేవి. వాళ్ళు మంచివాళ్ళు. గంపను తిప్పి చూసి, దాని నిండా ఇప్పపువ్వు పోసుకుని వెళ్ళిపోయేవారు. ఎటు తిరిగిందని ఒక్కరూ అడగలేదు.

ఒక్క గుమ్మి దగ్గర మాత్రం మా అత్త నా చేతిని ఏమీ అనేది కాదు. గుమ్మి అంటే వడ్లు నిలవ పోసుకునే మనిషెత్తు వెదురు బుట్ట. దాన్ని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని అల్లాలి. అటు మా అత్త, ఇటు నేను. ఒక వరస ఆమెది, ఒక వరస నాది. జిల్లాలో మా అత్త గుమ్మికి గొప్ప పేరు. గోడ ఆసరా లేకుండా నడి ఇంట్లో నిటారుగా నిలబడుతుందని రైతులు ముందే చెప్పి చేయించుకునేవారు. అల్లడం అయిపోగానే ఆమె దానికి పేడ, మట్టి మెత్తేది. మెత్తాక గానీ గడప దాటనిచ్చేది కాదు. దాని మీద ఆమె బిళ్ళ వేలాడేది. గుమ్మికి నా ఎడమచేతిని ఒప్పుకోవడం ఆమె దయ అనుకునేదాన్ని. ఎంత అమాయకురాలినో మీరే చూద్దురు.

మొదటి పరీక్షకు నేను ధైర్యంగా నా ఎడమచేతితోనే వెళ్ళాను. భద్రాచలం బస్టాండు వెనక సంఘం కిరాయికి తీసుకున్న రేకుల షెడ్డు ఉండేది. పరీక్ష పెద్దలు అయిదుగురు. అందులో ఇద్దరు తలలు ఊపేవారు, ముగ్గురు మాట్లాడేవారు. మొదటి ఆయన్ని అందరూ బస్తా తాత అనేవారు. వడ్ల బస్తాకు తక్కువ లేడు, అందుకే గంపను బోర్లించి దాని మీద నిలబడే పని ఆయనది. రెండో ఆవిడ వేలు పెద్దమ్మ. ఆమె చూపుడువేలు అల్లిక సందులో దూరితే ఆ గంప కథ అంతటితో సరి. మూడో ఆవిడ మా అత్త. (కోడలి పరీక్షకు అత్త కూర్చోవచ్చునా అని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. "సంఘంల అత్త లేదు, కోడలు లేదు. గంప ఉంటది, గంతే" అని ఆమె తేల్చేసింది.)

వేలు పెద్దమ్మ వేలు నా గంపలో దూరలేదు. నేను గర్వంగా చుట్టూ చూశాను. బస్తా తాత గంపను బోర్లించి ఎక్కాడు. కిర్రుమంది. కిర్రుమంటూ నా గంప ఎడమవైపుకు ఒరిగింది. తాత కూడా దానితోపాటే ఒరిగి, పక్కనున్న స్తంభాన్ని పట్టుకుని, "ఓర్నీ, ఇది నన్ను భద్రాద్రికి కాదు, వాగులకు తీస్కపోయేటట్టుంది" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. అందరికంటే ముందు "పనికిరాదు" అన్న గొంతు ఎవరిదంటే మా అత్తది. కోపంతో నా చెవులు కాలాయి. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను డ్రైవరు వెనక కూర్చున్నాం. ఊరు వచ్చేదాకా మా మధ్య కోడిపెట్టల బుట్టతో ఒక ముసలాయన ఉన్నాడు. మా ఇద్దరి కంటే ఆ కోళ్ళే ఎక్కువ మాట్లాడుకున్నాయి.

ఇంటికి వచ్చి ఆమెను నిలదీశాను. "నీ బిళ్ళ నీకుంది గనక నా బిళ్ళ నీకు కానరాదు అత్తా" అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "ఒరిగింది గద" అంది. "ఎడమ సుట్టని గద?" అన్నాను. "ఒరిగిందని" అంది. అంతే. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో అప్పుడు నాకు బుర్రకెక్కలేదు. నా తల నిండా ఒకటే పట్టుదల. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చెయ్యి మార్చుకుంటాను, కుడిచేత్తోనే బిళ్ళ తెస్తాను, అప్పుడు ఈమె మొహం చూస్తాను.

మర్నాటి నుంచి నా ఎడమచేతిని పాతచీర పీలికతో నడుముకు కట్టేసుకున్నాను. కుడిచేత్తో ముగ్గు వేస్తే మా వాకిట్లో తేళ్ళు పాకినట్టు వచ్చింది. కుడిచేత్తో పళ్ళు తోముకుంటే బొగ్గుపొడి చెవిదాకా పోయింది. పొయ్యిలోకి ఊదుతూ కుడిచేత్తో కట్టె తోస్తే అన్నం కుండ మా ఆయన కాళ్ళ మీదికి దొర్లింది. (ఆయన ఆ రోజు మాత్రం మారు అడగలేదు.) కుడిచేత్తో అల్లిన తొలి గంప చూసి మా ఆయన చాలాసేపు ఆలోచించి, "కోళ్ళను మూయడానికి పనికొస్తది" అన్నాడు. కోళ్ళను మూశాం. వాటికి ఏ సందులో దూరాలో కూడా ఆలోచించే పని లేకపోయింది, ఒకదాని వెనక ఒకటి బయటికి నడిచి వచ్చాయి.

గుమ్మి అల్లేటప్పుడు కూడా నేను కట్టు విప్పలేదు. మా అత్తకు ఎదురుగా కూర్చుని కుడిచేత్తో బద్ద పట్టుకున్నాను. ఆమె చేతిలో బద్ద కింద పడేసి, "గుమ్మి కాడ గీ ఏషాలు వద్దు, కట్టు ఇప్పు" అని కసిరింది. "సంఘంల ఎడమ వద్దు, ఇంట్ల కుడి వద్దు. నన్నేం జేయమంటవ్?" అని ఏడుపు గొంతుతో అరిచాను. ఆమె బద్ద మళ్ళీ చేతికి తీసుకుని, "గుమ్మి కాడ నీ చెయ్యి నీ ఇష్టమే. ఇంకోకాడ ఎట్లనన్న ఏడువ్" అంది. నేను కట్టు విప్పి అల్లాను. ఎందుకలా అందో అప్పుడూ అడగలేదు. కోపంలో ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ మాటలు వినపడతాయి కానీ అర్థం కావు.

ఈలోగా ఊళ్ళో ఎవరో నా కట్టు చూసి, ఆ కబురు కల్లూరు చేరేసరికి, అత్త కోడలి చెయ్యి విరగ్గొట్టిందని అయింది. ఒకరోజు పొద్దున్నే మా మేనమామ మోటారు సైకిల్ మీద, వెనక ఒక విరిగిన ఎముకలు కట్టే వైద్యుణ్ణి కూర్చోబెట్టుకుని దిగాడు. దిగుతూనే, "నా మేనగోడలి చెయ్యి ఇరగ్గొడ్తరా? అడిగెటోళ్ళు లేరనుకుంటిరా?" అని వీధి దద్దరిల్లేలా కేకేశాడు. వైద్యుడు ఎవరి మాటా వినకుండా నా చేతిని గుంజి తడిమి, "ఇరగలేదు గద!" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. అంత దూరం ఆకులు, గుడ్లు, వెదురు దబ్బలు మోసుకొచ్చాడు పాపం. నేను సంగతి చెప్పాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా అత్త వాళ్ళకు చాయ్ పెట్టింది, ఆ గుడ్లే కూరొండి అన్నం పెట్టింది.

తిని చెయ్యి కడుక్కున్నాక మా మేనమామ మీసం దువ్వి, "గింత బిళ్ళకు చెయ్యి కట్టుకుంటరానే పిచ్చిదానా? ఖమ్మంల నాకు తెల్సిన పెద్దమనిషి ఉన్నడు. ఒక్క మాట చెప్పిస్త. బిళ్ళ నడుచుకుంట మన ఇంటికే వస్తది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసు ఒక్క క్షణం ఊగింది. చేతి కట్టు పోతుంది, తేళ్ళ ముగ్గు పోతుంది, కోళ్ళ ముందు పరువు దక్కుతుంది. మా అత్త వైపు చూశాను. ఆమె అంట్లు తోముతూ తోముతూ, "మంచిదేనాయె. పరీక్ష లేకుండ వచ్చినంక దాన్ని గంపకు కట్టుకుంటది. సేటు మళ్ళ మోకాలుతోని నొక్కుతడు" అంది. నాకు యార్డు గుర్తొచ్చింది. సేటు ముట్టుకోనిది బిళ్ళను చూసి కాదు. బిళ్ళ వెనక బస్తా తాత కాళ్ళున్నాయి, వేలు పెద్దమ్మ వేలుంది. అవి లేని బిళ్ళ ఉత్త రేకు ముక్క. నేను మళ్ళీ పీలిక తీసి చేతికి కట్టుకుంటూ, "వద్దు మామా, తొక్కిచ్చుకునే తెచ్చుకుంట" అన్నాను. మా మామ వైద్యుణ్ణి చూసి, "దీనికి కట్టు కట్టాల్సింది చేతికి కాదు, తలకాయకు" అన్నాడు.

మరుసటేడు పరీక్ష నాటికి నా కుడిచెయ్యి కొంచెం మనిషయింది. షెడ్డులో మేము ఏడెనిమిది మందిమి వరసగా కూర్చున్నాం. నా పక్కన సత్తుపల్లి నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. బద్ద ఆయన చేతిలో పాములా పాకేది. నేను కుడిచేత్తో ఒక్కో వరసా పంటి బిగువున అల్లుకుంటూ వచ్చాను. బస్తా తాత నా ముందు ఆగి, "చెయ్యి మారిందే! మంచిది పిల్లా, తొవ్వల పడ్డవ్" అని మెచ్చుకున్నాడు. మా అత్త మాత్రం నా వైపు చూడనే లేదు. మధ్యాహ్నం చేతి కట్టూ సద్ది మూటా విప్పి, తిని, చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాను. అప్పుడే రేకుల మీద వాన మొదలైంది. సత్తుపల్లాయన అప్పటికే అంచు కడుతున్నాడు. "జల్దీ జల్దీ, వాన పెద్దగైతే గోదారి కాడ బస్సులు ఆపేస్తరు" అని ఎవరో అరిచారు. ఇక తలెత్తలేదు. చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. నేను ఇంత వేగంగా అల్లగలనా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆహా, సాధన అంటే ఇదీ అనుకున్నాను.

అంచు కట్టేటప్పుడు తెలిసింది ఆ వేగం ఎక్కడిదో. బద్ద నా ఎడమచేతిలో ఉంది. గంప కింది సగం కుడికి తిరిగింది, పై సగం ఎడమకు తిరిగింది. మధ్యలో, అన్నం తిన్న చోట, దారి మళ్ళినట్టు స్పష్టంగా గీత కనిపిస్తోంది. విప్పే వ్యవధి లేదు, పెద్దలు లేచి వస్తున్నారు. తప్పును గోడవైపు తిప్పి పెడదామని గంపను అటు తిప్పాను, ఇటు తిప్పాను. గుండ్రటి గంపకు దాచుకునే పక్క ఎక్కడుంటుంది? ఏడాదిపాటు కట్టు కట్టుకున్న చెయ్యి, కల్లూరు నుంచి వచ్చిన వైద్యుడు, ఒళ్ళంతా బొగ్గుపొడి, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను.

వేలు పెద్దమ్మ నా గంపను ఎత్తి చూసి బుగ్గ నొక్కుకుంది. "ఇదేందమ్మా, సగం దూరం పోయి ఇంటికి మళ్ళింది!" అంది. నవ్వులు. తల ఊపే ఇద్దరు కూడా ఆ రోజు నోరు తెరిచి నవ్వారు. పెద్దమ్మ నవ్వుతూనే వేలుతో పొడిచింది. దూరలేదు. మరో చోట పొడిచింది. దూరలేదు. "సరే, ఎక్కితె తెలుస్తది తియ్" అంటూ బస్తా తాత చెప్పులు విడిచాడు. అంతకుముందే ఆయన సత్తుపల్లాయన గంప ఎక్కినప్పుడు అది కిర్రుమని కాస్త కుడికి ఒరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. నా గంప మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. గంప మాట్లాడలేదు. తాత కొంచెం ఊగాడు. గంప ఊగలేదు. ఆయనకు పట్టుదల వచ్చి, అంత మనిషీ దాని మీద ఎగిరి దుమికాడు. షెడ్డు రేకులు అదిరాయి కానీ గంప నేలకు నాటినట్టు అలాగే ఉంది. "కదలదేందిరా ఇది!" అన్నాడు దిగకుండానే.

"అయినా కుడి సుట్టు కాదు గద. లెక్క ప్రకారం పనికిరాదు" అంది వేలు పెద్దమ్మ. తల ఊపేవాళ్ళు ఊపారు. నేను నా పీలిక వెతుక్కుంటున్నాను, మూట కట్టుకుని వెళ్ళిపోదామని. అప్పుడు మా అత్త లేచి నిలబడింది.

"నా గుమ్మి గోడ లేకుండ నిలబడ్తదని మీరే గద చెప్పుకునేది" అంది.

"అవ్, జిల్లాల గసువంటి గుమ్మి లేదు" అన్నాడు బస్తా తాత, గంప మీది నుంచే.

"గీ పిల్ల మా ఇంటికి రాకముందు నా గుమ్మి గూడ ఒరిగేది. గోడకు ఆనించి పెట్టుకోమని నేనే చెప్పేదాన్ని. యాది తెచ్చుకోర్రి" అంది మా అత్త. "నేను ఇటు కూసుంట, అది అటు కూసుంటది. నా వరస కుడికి గుంజుతది, దాని వరస ఎడమకు గుంజుతది. గుమ్మి ఎటు పోవాల్నో తెల్వక నడుమ నిలబడ్తది. పైన మన్ను మెత్తి పంపిస్త, ఎవ్వలకు కానరాదు. పేరు నాదొక్కదానిదే అయింది."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది. ఆమెకున్న పేరంతా ఆ గుమ్మే. దాన్ని అందరి ముందూ సగం చేసి నాకిచ్చేస్తోందని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు కాస్తా వచ్చేసింది.

బస్తా తాతకు ఒకటి అంతుపట్టలేదు. "మరి పోయినసారి నువ్వే గద ముందుగాల వద్దంటివి?"

"పోయినసారి ఒరిగింది, వద్దన్న. ఈపారి ఒరగలే, కావాలంటున్న. మనయి గూడ ఒరుగుతయి, కుడికి. అన్ని ఒక్క దిక్కే ఒరిగితె ఒరిగినట్టు కండ్లకు ఆనదు. దానిది ఇంకోదిక్కు ఒరిగె గనక దొరికిపోయింది" అంది మా అత్త.

అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా గోడ వైపు తిరిగారు. అక్కడ అమ్మకానికి వరసగా పెట్టిన సంఘం గంపలున్నాయి, అన్నిటికీ బిళ్ళలున్నాయి, అన్నీ ఒద్దికగా, ఒకే తల్లి బిడ్డల్లా కుడివైపుకు ఒరిగి ఉన్నాయి. వేలు పెద్దమ్మ తన గంప దగ్గరికి పోయి, తల వాల్చి చూసి, మెల్లగా దాన్ని గోడకు ఆనించింది.

నాకు బిళ్ళ ఇచ్చారు. బస్తా తాత నా గంప దిగకుండానే ఇచ్చాడు. అది ఆయనకు సింహాసనంలా కుదిరిపోయింది. నేను కన్నీళ్ళతో చెయ్యి చాపాను. షెడ్డంతా "హయ్యో" అంది, చాపింది ఎడమచెయ్యి. "కుడి చెయ్యే!" అని మా అత్త కసిరింది. నేను కంగారుపడి రెండు చేతులూ చాపాను. తాత నవ్వి, బిళ్ళ రెండు చేతుల మధ్యా వేశాడు. తిరుగు బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. సగం దారిలో ఆమె ఒక్క మాట అంది, "గిప్పుడన్న ఆ పీలిక పారేయ్, దరిద్రంగ ఉంది" అని. కిటికీలోంచి పారేశాను, ఎడమచేత్తో.

తర్వాత మేం అల్లిన గుమ్మికి మా అత్త తన బిళ్ళ కట్టి, నా బిళ్ళ కోసం చెయ్యి చాపింది. ఒక గుమ్మికి ఒకటే బిళ్ళ కట్టాలని సంఘం లెక్క, ఆ మాటే అన్నాను. "రెండు చేతులు పెడితె నిలబడ్డది. రెండు బిళ్ళలు కట్టుకుంటది. అడిగెటోణ్ణి నా కాడికి పంపు" అంది. అడిగేవాడు ఎవడూ రాలేదు. మిర్చి యార్డు సేటు అదే నెలలో నా గంప అంచు తిప్పి చూసి, నొక్కకుండా, వాసన చూడకుండా, "ఈమెదా, అటు పెట్టుర్రి" అన్నాడు. ఎదురుచూసిన మాట వచ్చినప్పుడు నేను ఎగిరి గంతేస్తాననుకున్నాను. చిత్రంగా, పక్కన నిలబడ్డ మా అత్త మొహం వైపు చూశాను. ఆమె ఆవులించింది. కానీ ఆ సాయంత్రం నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది.

అత్త పోయిన ఆరు నెలలకు కోడలి కళ్ళల్లో నీళ్ళొచ్చాయని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళకు మా అత్త లాంటి అత్త దొరికి ఉండదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, మేం కలిసి అల్లిన చివరి గుమ్మి మా ఇంట్లో ఇంకా నడి గదిలోనే ఉంది, గోడ లేకుండా. వడ్లు ఎవరు పోస్తారిప్పుడు, దుప్పట్లు పెట్టుకుంటున్నాం. చలికాలం దుప్పటి తీసినప్పుడల్లా రెండు బిళ్ళలూ ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి. మేమిద్దరం మాట్లాడుకున్న దానికంటే అవే ఎక్కువ మాట్లాడుకుంటాయి.

సంఘం ఇంకా ఉంది. పరీక్షకు వచ్చేవాళ్ళు తగ్గారు కానీ, పరీక్ష తగ్గలేదు. బస్తా తాత పోయాక గంప మీద నిలబడేందుకు తగిన మనిషి కోసం చాలా వెతికారు. ఇప్పటి పిల్లలంతా చేపముళ్ళలా ఉంటారు, వాళ్ళు ఎక్కితే గంపకు తెలియను కూడా తెలియదు. చివరికి అందరి చూపూ నా మీద పడింది. నేను కూడా నా వైపు చూసుకున్నాను, ఒప్పుకోక తప్పలేదు. ఇప్పుడు బోర్లించిన గంప మీద ఎక్కేది నేనే. పిల్లలు వెనక నన్ను బస్తా నానమ్మ అంటారని తెలుసు. మొన్న పరీక్షలో ఒక అమ్మాయి గంప మీద ఎక్కి, అది కొంచెం ఒరిగితే, "పనికిరాదు" అన్నాను. ఆ పిల్ల పిడికిళ్ళు బిగించి, పెదవి కొరుక్కుంటూ నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ చూపుతోనే కదా నేను ఒకప్పుడు బస్సులో డ్రైవరు వెనక కూర్చున్నాను. "వచ్చేసారి రా బిడ్డా, ఇంకా గట్టిగ తొక్కుత" అని చెప్పి, ఆమె చెయ్యి ఆసరాగా పట్టుకుని మెల్లగా గంప దిగాను.